శనివారం కాగే మోటారు

రత్నమ్మత్త ఫోను చేసి రమ్మందంటే కారణం అడగకూడదు. అడిగినా చెప్పదు. "రావే పాపా, వస్తే తెలుస్తాది" అని పెట్టేస్తుంది. నాకు మోకాళ్ళు పట్టేశాయి, తల నెరిసింది, పెన్షను పుచ్చుకుంటున్నాను, అయినా ఆవిడకు నేనింకా పాపనే. పోయిన వారం అలాగే పిలిస్తే, ఆ బెంగళూరు ట్రాఫిక్కులో ఉడికిపోతూ, ఆటోవాడితో దారి పొడుగునా పోట్లాడుతూ వర్తూరు వెళ్ళాను. మామ పోయినప్పటినుంచి అత్త కూతురి దగ్గర ఆరో అంతస్తు ఫ్లాటులో ఉంటోంది. వంటింటి వెనక, బట్టలుతికే మెషీను పక్కన, పాత నూలుచీర చుట్టిన పొడుగాటి వస్తువొకటి గోడకు ఆనించి ఉంది. "దీని కోసరం ఒక పిల్లోడు వస్తా ఉండాడు. పాత ఇంజన్లు తీసుకోనిపోయి బాగుచేసి పెట్టుకుంటాడంట. వాడు ఇంగ్లీషులో ఏమేమో అడుగుతాడు, నాకు చెప్పేకి రాదు, నువ్వు చెప్పు" అంది. చీర విప్పి చూస్తే మా మామ పడవ మోటారు.

ఆ అబ్బాయి మర్యాదస్తుడే. చెప్పులు గుమ్మం బయట విడిచి, అత్తకు దణ్ణం పెట్టి, మోటారు ముందు నేలమీద కూర్చున్నాడు. పడవ వెనక చెక్కకు తగిలించే రకం అది. పైన పుచ్చకాయంత ఇంజను, కింద పొడుగాటి కాలు, కాలి చివర పంకా రెక్కలు. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫోను లైటు వేసి చూసి, "ఆంటీ, ఇది ఎప్పుడైనా బాగా ఓవర్‌హీట్ అయ్యిందా? సిలిండర్ దగ్గర పెయింట్ మొత్తం బర్న్ అయిపోయింది, చూడండి" అన్నాడు. నేను అత్త ముఖం చూశాను, అత్త నా ముఖం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ నవ్వడం మొదలుపెడితే, కూతురు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. ఆ అబ్బాయికి నేను రెండు ముక్కల్లో చెప్పి పంపించాను. కానీ అది రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు.

మా నాయనకు కలాసిపాళ్యంలో అంగడి ఉండేది. రైతుల పంపుసెట్లు, పిండిమరల మోటార్లు రిపేరు చేసేవాడు. వారమంతా గ్రీజులో మునిగి, ఆదివారం అంగడికి తాళం వేసి, తలకు నూనె పెట్టుకుని స్నానం చేసి, నన్ను వెంటేసుకుని వర్తూరు బస్సెక్కేవాడు. అది అమ్మ పుట్టిల్లు. అమ్మ కంటే ఎక్కువ నాయనకే ఆ ఊరంటే ప్రాణం. బస్సు దిగి గట్టు ఎక్కితే చాలు, చెరువు వాసన తగిలేది. బురద, తుంగ, ఎండబెట్టిన వలలు, ఎక్కడో కాలుతున్న పిడకలు, అన్నీ కలిసిన వాసన. ఇంటి పడసాలలో ఒక మూల రాగులు, ఒక మూల వలల కుప్ప. అక్కడ మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, చాట పట్టుకుని కూర్చునేది. నాయన గొంతు వినిపించగానే చాటతో సహా లేచి తలుపు వెనక్కి వెళ్ళిపోయేది. అల్లుడికి ఎదురు పడకూడదు, అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు, అది వాళ్ళ పద్ధతి. అలాగని మాట్లాడకుండా ఉండేదా, ఉండేది కాదు. మధ్యలో నన్ను పెట్టుకునేది. "మీ నాయనను అడుగు మే, మజ్జిగ తాగుతాడా అని." నాయన రెండడుగుల దూరంలో ఉండి విని, "తాగుతాడని చెప్పే" అనేవాడు. నేను అటొకసారి ఇటొకసారి తల తిప్పీ తిప్పీ, చివరికి మజ్జిగ నేనే తాగేదాన్ని.

అవ్వకు చిన్నతనంలోనే మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కొడుకు, మా మునిరాజు మామను, ఆవిడే రెక్కలు ముక్కలు చేసుకుని పెంచింది. చెరువులో ఒక పక్క చేపలు పట్టే గుత్త మామది. చెక్క పడవలో గడ వేసుకుంటూ పోయి వలలు వేసేవాడు, తీసేవాడు. ఒకసారి బండి మీదనుంచి పడి కుడి భుజం జారింది. ఎముకలు కట్టేవాడు కట్టాడు గానీ, చెయ్యి తల పైకి లేవలేదు. గడ వేసే చెయ్యే అది. గుత్త వదులుకోవడమా, ఊరు వదులుకోవడమా అని ఇంట్లో అందరూ తలలు పట్టుకున్న సమయంలో, కంటోన్మెంటులో ఏదో పాత బంగళా సామాను వేలం వేస్తుంటే నాయన ఈ మోటారును చూశాడు. అప్పటికే అది ముసలిది. తెచ్చి, అంతా ఊడదీసి, బిగించి, అంగడి వెనక నీళ్ళ డ్రమ్ములో నిలబెట్టి తాడు లాగితే, పెద్ద చప్పుడు చేస్తూ లేచి కూర్చుంది. మామ దాన్ని పడవకు తగిలించుకుని చెరువు చుట్టొచ్చిన రోజు అవ్వ ఊళ్ళో చెరకుముక్కలు పంచింది.

అది పనిచేసే తీరు నాయన నాకు చూపించాడు. కాలి దగ్గర సన్నటి చీలికలుంటాయి. చెరువు నీళ్ళు అక్కడ లోపలికి పోతాయి. లోపలొక చిన్న రబ్బరు చక్రం తిరుగుతూ వాటిని పైకి తోస్తుంది. ఆ నీళ్ళు సిలిండరు చుట్టూ తిరిగి, వేడిని మోసుకుని, వెనకవైపు నా వేలు దూరేంత రంధ్రంలోంచి ధారగా బయట పడతాయి. "ఆ ధార వస్తా ఉంటే వీడు హుషారుగా ఉండాడని అర్థం" అనేవాడు. నాయనకు ఏ మోటారైనా వీడే, వాడే.

దసరా దాటాక మోటారు కాగడం మొదలుపెట్టింది. చెరువు మధ్యకు పోయాక పొగ, కాలిన వాసన, ఆ తరవాత ఆగిపోవడం. మామ ఎడమ చేత్తో తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. వలల్లో చేపలు చచ్చి మెత్తబడేవి. వింతేమిటంటే, వారంలో మిగతా రోజుల్లో ఎలాగో లాక్కొచ్చేది, మంగళవారం బుధవారం వచ్చేసరికి బాగానే తిరిగేది, మళ్ళీ శనివారం పొద్దున మొండికేసేది. ఇక అవ్వకు చెప్పాలా. శనివారం అనేసరికి ఆవిడకు అన్నీ తెలిసిపోయాయి. ఇంటికి శని పట్టింది. ఎవరితో వచ్చింది? పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండని కోడలితో వచ్చింది. అవ్వ చెడ్డది కాదు, ఇది నేను ఎవరి ముందైనా చెప్తాను. కొడుకు చెయ్యి పోయింది, ఇప్పుడు మోటారు పోతోంది, రేపు గుత్త పోతుంది అన్న భయం ఆవిడది. భయం పట్టుకున్న మనిషికి ఎవరో ఒకరు దొరకాలి కదా, రత్నమ్మత్త దొరికింది. చాట చెరుగుతూ, ఎవరితోనో చెప్తున్నట్టు, "కాలు పెట్టిన యేళ అట్లుండాది" అనేది. అత్త వింటూ అంట్లు తోముకునేది. మామ కూడా వింటూ వల అల్లుకునేవాడు. తల్లి ముందు నోరెత్తి మాట్లాడటం మామకు పుట్టుకతో రాలేదు.

ఇక నాయన ఆదివారాలన్నీ ఆ మోటారుకే. ఆయన పద్ధతి ఆయనది. ఒక ఆదివారం ఒక్కటే మార్చేవాడు. రెండు కలిపి మారిస్తే ఏది తప్పో, ఏది ఒప్పో ఎప్పటికీ తెలియదని ఆయన వాదన. మొదట పెట్రోలులో కలిపే ఆయిలు ఎక్కువ చేశాడు. పొగ ఎక్కువైంది గానీ వేడి తగ్గలేదు. తరవాతి వారం చీలికల్లో తుంగ ఇరుక్కుంటోందని సన్నటి జాలీ బిగించాడు. ఆ తరవాత ప్లగ్గు మార్చాడు. ఆ తరవాత కాలు ఊడదీసి, లోపలి రబ్బరు చక్రం అరిగిందని, తెలిసిన చోట కొత్తది పోయించుకొచ్చాడు. ప్రతిసారీ మామ ఆశగా తాడు లాగేవాడు, ప్రతిసారీ వెనక ధార వచ్చేది, కానీ దారప్పోగంత సన్నగా. "నీళ్ళయితే వస్తా ఉండాయి కదప్పా, మళ్ళీ యాల కాగుతాడు వీడు" అని నాయన తల గోక్కునేవాడు. పై తల విప్పి చూద్దామంటే, మధ్యలో ఉండే గ్యాస్కెట్ చిరిగితే అలాంటిది బెంగళూరంతా వెతికినా దొరకదు. చివరికి మోటారును గోనెసంచిలో కట్టి కలాసిపాళ్యం తెచ్చి డ్రమ్ములో పెట్టాడు. రెండు రోజులు నీళ్ళలో నాని, మూడో రోజు తాడు లాగితే, పొద్దుననుంచి మధ్యాహ్నం దాకా నిక్షేపంగా తిరిగింది. ధార నా చిటికెనవేలంత లావు. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చన. "చూసినావా, మన అంగట్లో బుద్ధిమంతుడు. ఆడికి పోతే అల్లుడినైనానని ఎగుర్తాడు" అని నవ్వాడు గానీ, ఆ నవ్వులో జీవం లేదు. మళ్ళీ వర్తూరు పోయింది, మళ్ళీ శనివారం ఆగిపోయింది.

ఈ మధ్యలో అత్త తనకు చేతనైంది తాను చేసింది. పగలు పడవకు తగిలించిన మోటారును సాయంత్రం విప్పి ఇంటికి తెచ్చుకునేవాళ్ళు, ఎవరైనా ఎత్తుకుపోతారని. పడసాలలో చెక్క గుంజకు తగిలించి ఉండేది. శుక్రవారం మామ చెరువుకు పోడు. ఆ పొద్దు అత్త తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, సాన మీద గంధం తీసేది. మాలో నోరున్న ప్రతిదానికీ బొట్టు పెడతారు. పొయ్యి నోటికి, తిరగలి నోటికి, రోలు గుంటకు, బావి ఒరకు. ఇంటికి కూడు పెట్టే ప్రతి నోరూ నిండుగా ఉండాలని. ఆయుధపూజ నాడు మొదలుపెట్టి, అత్త మోటారుకు కూడా అలాగే పెట్టింది. కాలికి పసుపు రాసేది, ముఖానికి కుంకుమ పెట్టేది, వెనకనున్న ఆ చిన్న నోటిని పసుపు కలిపిన గంధంతో నింపి, పైన ఒక కుంకుమ చుక్క పెట్టేది. మోటారు మొండికేసిన కొద్దీ పూజ పెరిగింది. గంధం మెత్తగా, ఎక్కువగా, వేలితో అదిమి అదిమి పెట్టేది. పెదాలు కదులుతుండేవి. సెలవులకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని చూసేదాన్ని. అంత శ్రద్ధగా మనుషులకు కూడా ఎవరూ బొట్టు పెట్టరని అనుకునేదాన్ని. శనివారం పొద్దున మామ తడిబట్టతో పైపైన తుడిచి పడవకు పట్టుకుపోయేవాడు.

చివరికి అవ్వ తేల్చేసింది. గ్రహచారం తీరేదాకా రత్నమ్మ పుట్టింట్లో ఉండాలి. దేవనహళ్ళిలో అత్త వాళ్ళ అన్న ఉన్నాడు, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని కబురు వెళ్ళింది. గ్రహచారం ఎప్పటికి తీరుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో అలా వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు కూడా ఉన్నారు. నాకే తెలిసిన సంగతి అత్తకు తెలియదా. అమ్మ ఈ మాట విని ఏడిస్తే, నాయన శనివారం అంగడి మూసేసి, నన్ను తీసుకుని పొద్దున్నే బయల్దేరాడు. అన్ని ఆదివారాలు వెళ్ళాడు గానీ, శనివారం వెళ్ళడం అదే మొదటిసారి.

మేం వెళ్ళేసరికి మామ గట్టు దగ్గరే ఉన్నాడు. మోటారు అప్పుడే పొగ చిమ్మి ఆగిపోయింది. నాయన దాన్ని విప్పించి, ఇంటి ముందు రాతిమీద పడుకోబెట్టి, దగ్గరకు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. వేడి ఇంజనులోంచి పెట్రోలు వాసనతో పాటు కాలిన గంధం వాసన కొడుతోంది. తలుపు వెనకనుంచి అవ్వ, "మీ నాయనతో చెప్పు మే, దేవుడి వాసన అది. శనివారం శనివారం వస్తా ఉండాది" అంది.  నాయన సైకిలు పుల్ల ఒకటి అడిగి తీసుకుని, వెనక రంధ్రంలో దూర్చి తిప్పాడు. పసుపుపచ్చటి ముద్ద ఊడి రాతిమీద పడింది. ఇంకా దూర్చాడు, ఇంకో ముక్క, కాలి గట్టిపడింది. మా నాయనకు నోరు ముందు, ఆలోచన తరవాత. తప్పు దొరికిన ఆనందంలో తల కూడా ఎత్తకుండా, వీధంతా వినిపించేలా, "ఎవురప్పా ఈడ గంధం కూరింది?" అని అరిచాడు.

అరిచాక తలెత్తి చూశాడు. అత్త గడప దగ్గర నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మొగుడి కూడు పోగొట్టింది తన చేతి గంధమే అని ఆవిడకు ఆ క్షణంలోనే తెలిసింది. లోపల చాట చప్పుడు ఆగిపోయింది. నాయన ముఖం చూస్తే, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఏమిచ్చినా ఇచ్చేసేలా ఉన్నాడు. నేను ఏడవబోతున్నాను. అప్పుడు మామ అన్నాడు, "నేనే బావా."

"నువ్వా?"

"ఊ. నేనే పెట్టినా."

అవ్వ తలుపు వెనకనుంచి బయటికి వచ్చింది. అల్లుడు ఎదురుగా ఉన్నాడన్న ధ్యాస కూడా లేదు. కొడుకు ముందుకొచ్చి నిలబడింది. "గంధం యా రాయి మీద తీస్తారో తెలుసునా నీకు?" అంది.

"తెలీదు."

"మళ్ళీ ఎట్ల పెట్టినావు?"

"తెలీకపోయినా నేనే పెట్టినా అమ్మా. అనేదుంటే నన్నను. రత్న యాడికీ పోదు."

అంత పొడుగు మాట మామ నోట అంతకు ముందు నేను విని ఎరుగను. చెప్పేసి, భయపడ్డ మనిషిలా భుజం రుద్దుకుంటూ నిలబడ్డాడు. అవ్వ కొడుకును చూసింది, కోడలిని చూసింది, రాతిమీద పడి ఉన్న గంధం ముద్దను చూసింది. అబద్ధమని ఆవిడకు తెలుసు, అందరికీ తెలుసు. చివరికి నావైపు తిరిగి, "మీ నాయనతో చెప్పు మే, బేగ చేతులు కడుక్కోమని. ముద్ద చల్లారిపోతాది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట రాగిముద్ద, చేపల పులుసు. అత్త వడ్డిస్తుంటే పులుసు నా విస్తరి దాటి నేలమీద కూడా పడింది.

తిన్నాక మోటారును చెరువుకు తీసుకెళ్ళి తాడు లాగితే, ధార మొదట పచ్చగా, తరవాత తెల్లగా, లావుగా పడింది. మామ అవతలి ఒడ్డు దాకా పోయి వచ్చాడు. ఇంటికి తెచ్చి గుంజకు తగిలించాక నాయన మోటారు నెత్తిమీద చెయ్యి వేసి, మామతోనే, కానీ అత్తకు వినపడేలా, "ఇంగ బొట్టు ఈడ పెట్టు మునిరాజా. ఇది వీడి తల. వెనక ఉండేది నోరు కాదప్పా, అది ఒంటేలు పోసే తావు" అన్నాడు. అత్త ఫక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. తలుపు వెనక కూడా నవ్వు వినిపించింది. ఆ మరుసటి శుక్రవారం నుంచి మామ తనే సాన ముందు కూర్చుని గంధం తీశాడట. పెట్టినానన్నాక పెట్టాలి కదా అని. చెయ్యి సరిగా తిరగదు, నీళ్ళు ఎక్కువ పోస్తాడు, అవ్వ పక్కనుంచి "అట్ల కాదురా" అని తిడుతుంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం ఇదే భాగవతం.

ఆ రోజులన్నీ మంచివని నేననను. ఇంజను కాగితే కోడలిని పంపించేసే రోజులవి. ఇప్పుడు నా కొడుకు కారు ఆగిపోతే ఎవరో వచ్చి కంప్యూటరు తగిలించి చూసి, ఏదో మార్చేసి పోతాడు, ఎవరి జాతకమూ ఎవరూ తియ్యరు. అది మంచిదే. కానీ ఒక తప్పు కోసం ఆదివారాలకు ఆదివారాలు రాతిమీద గొంతుక్కూర్చునే ఓపిక నాకే లేదు, ఇంకొకరిని ఏమనను. చెరువు అత్త బాల్కనీలోంచి నిండుగా కనిపిస్తుంది. వాసనకు తలుపు ఎప్పుడూ వేసే ఉంచుతారు. చెరువులో కలిసిన మురుగు నురుగై గాలికి లేచి రోడ్డుమీద పడిన రోజున అత్త టీవీలో చూసిందట, తలుపు తీసి చూడలేదట.

ఆ అబ్బాయి మోటారును దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లిఫ్టులో దిగిపోయాడు. అత్త లోపలికొచ్చి, ఆ చీరను మడతపెట్టి, కాఫీ పెట్టమని కూతురికి చెప్పింది. కళ్ళల్లో తడి ఉంటుందేమోనని చూశాను. లేదు. నాకే ఎక్కడో గుచ్చుకుని, "అంత సుళువుగా ఇచ్చేస్తివే అత్తా, బాధ లేదా?" అన్నాను.

"ఇనుముకు బాధేమే పాపా" అంది. మోకాళ్ళు రుద్దుకుంటూ మళ్ళీ అందుకుంది. "ఆ మోటారు బాగైందని నాకేమీ సంతోషం లేకుండె ఆ పొద్దు. మూడేండ్లు ఆ ఇంట్లో వండిపెట్టినా. మీ మామ నా మొగుడో, ఆమె కొడుకో, నాకు తెలీకుండె. మా అన్న వస్తే నోరెత్తకుండా సుమ్మనే పోవాల అనే అనుకోనుంటిని. ఆయప్ప, మీ మామ, నోరు తెరిచి 'నేనే' అనె చూడు, ఆ పొద్దే నాకు పెండ్లాయె."